లైలెక్కిన బల్లె

నేను ఒక మైకును. నా తల మీద రెండు దెబ్బలు కొట్టి, "హలో, హలో" అని, ఆపైన ఒకసారి "ఉఫ్" మని ఊదని మనిషిని ఇంతవరకు చూడలేదు. పలకరించే ముందు మొట్టికాయ వేయడం ఏ ఊరి మర్యాదో నాకు తెలియదు. మీలో మీరు అలా చేసుకుంటే పంచాయితీ పెట్టాల్సి వస్తుంది. నేను మాత్రం అలవాటు పడిపోయాను.

పట్నంలో ఒక ఇరుకు గల్లీలో, రేకుల షెడ్డు కింద పుట్టాను. ముసలి మిస్త్రీ ఒకాయన నా కడుపులో సన్నటి తీగచుట్ట అమర్చి, నెత్తిన జాలీ టోపీ తొడిగి, నోటి దగ్గర పెట్టుకొని దగ్గాడు. నేను విన్న మొదటి శబ్దం దగ్గు. ఆ తరువాత విన్న ఉపన్యాసాల్లో చాలావాటికంటే అందులోనే ఎక్కువ నిజం ఉందని ఇప్పుడనిపిస్తుంది.

నన్ను కొన్నవాడు టెంట్ హౌస్ కొమురయ్య. అతని చేతుల్లో ఉండగా ఎన్ని పెళ్ళిళ్ళు చేశానో లెక్కలేదు. నన్ను పట్టుకున్న ప్రతి బావమరిదీ గాయకుడే. బతుకమ్మ ఆటల్లో ఆడవాళ్ళు పాడుతుంటే మాత్రం ఒళ్ళంతా చెవులు చేసుకొని వినేవాణ్ణి. ఎన్నికలొస్తే పొద్దున ఒక పార్టీకి, సాయంత్రం ఇంకో పార్టీకి పనిచేసేవాణ్ణి. మధ్యలో జెండా మారిందని నాకు ఎవరూ చెప్పేవారు కాదు. మాటలను బట్టి పోల్చుకుందామంటే రెండు పూటలూ అవే మాటలు.

తరువాత డీజే డబ్బాలు వచ్చాయి. వాటి ముందు నా గొంతు చీమ దగ్గినట్టే. కొమురయ్య నన్ను గోనె సంచిలో వేసి పాత ఇనుప సామాన్ల బండి దగ్గరకు తీసుకుపోయాడు. బండివాడు తూకపు రాయి పైకి తీయగానే ఏమనిపించిందో, సంచి మళ్ళీ భుజానికి వేసుకొని తను చిన్నప్పుడు చదువుకున్న ప్రాథమిక పాఠశాలకు నడిచాడు. నన్నూ, నా గొంతు పెంచే పెట్టెనూ, రెండు బూరలనూ హెడ్మాస్టరమ్మ టేబుల్ మీద పెట్టి, "పోరగాండ్లకు పనికొస్తయేమో సూడుండ్రి మేడం," అన్నాడు. అలా నా ముసలితనంలో బడిలో చేరాను.

ఆ బడి ఊరికి ఎడంగా ఉంటుంది. మధ్యలో మొక్కజొన్న చేన్లు. అందుకని హెడ్మాస్టరమ్మ పద్మజ టీచర్ ఒక బూరను బడి కప్పు మీద, రెండోదాన్ని ఊరి నడుమ నీళ్ళ ట్యాంకు మీద కట్టించింది. పెట్టెకు రెండు స్విచ్చులు. ఒకటి బడి బూరకు, ఒకటి ఊరి బూరకు. వెలుగుతోందా లేదా చెప్పడానికి ఒక్కోదానికి ఒక్కో ఎర్ర దీపం. ఊరి బూర దీపం ఎప్పుడో మాడిపోయింది. ఇక పెట్టె సంగతంటారా, ఒకసారి ఆపితే మళ్ళీ పలకడానికి అత్తారింటికి వచ్చిన కొత్త అల్లుడిలా బతిమాలించుకుంటుంది. అందుకని టీచర్ దాన్ని ఆపేది కాదు. పని కాగానే బూరల స్విచ్చులు మాత్రం కట్టేసి, నన్ను తువ్వాలులో చుట్టి పక్కన పెట్టేది.

నేను చెప్పబోయే వారం సోమవారం పొద్దున మొదలైంది. టీచర్ రెండు బూరల స్విచ్చులూ వేసి, "శనివారం బడిలో తల్లిదండ్రుల సమావేశం, అందరూ తప్పకుండా రావాలి," అని చెప్పింది. ప్రతి నెలా అలాగే చెబుతుంది. ప్రతి నెలా ఇద్దరో ముగ్గురో వస్తారు. వాళ్ళలో ఒకరు పశువును వెతుక్కుంటూ వచ్చినవారై ఉంటారు. చెప్పడం అయ్యాక టీచర్ బడి బూర కట్టేసింది. ఊరి బూర మరిచిపోయింది. దీపం లేదు కదా, గుర్తు చేసేవాళ్ళు లేరు.

ఆ మధ్యాహ్నం అందరూ అన్నాలు తింటుండగా టీచర్ నాలుగో తరగతి రవళిని ఆఫీసు గదిలోకి పిలుచుకొచ్చింది. రవళి అంటే కమ్మని ధ్వని. అంత మంచి పేరు పెట్టుకున్న పిల్ల తన పేరు తాను చెప్పుకోదు. 'ర' అనబోతే 'ల' వస్తుంది. తరగతిలో ఒకరోజు పాఠం చదువుతూ రైలును "లైలు" అన్నదట. వారం రోజులు పిల్లలంతా లైలు కూత వేస్తూ ఆమె వెంట తిరిగారు. అప్పటినుంచి రవళి నలుగురిలో నోరు తెరవడం మానేసింది. చదువు రాక కాదు, పుస్తకాలంటే ప్రాణం. అలాగే వదిలేస్తే పై తరగతుల్లో ఈ పిల్లను చదువు రానిదాని కింద జమకట్టేస్తారని టీచర్ భయం.

"శనివారం అందరి ముందు నువ్వు ఒక కథ చదవాలమ్మా," అన్నది టీచర్. "అందాకా రోజూ ఇక్కడ దీనికి చదివి వినిపించు. స్విచ్చు కట్టేసి ఉంది. ఎవరికీ వినిపించదు. ఇది నవ్వదు."

టీచర్ తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది. రవళి తువ్వాలు విప్పి నన్ను చూసింది. కొట్టలేదు, ఊదలేదు. అంత మర్యాద నాకు అంతవరకు ఎవరూ చేయలేదు. అలమారలోంచి ఒక పలుచని కథల పుస్తకం తీసింది. అట్ట మీద 'రైలెక్కిన బర్రె' అని ఉంది.

"లైలెక్కిన బల్లె," అని మొదలుపెట్టింది. "అనగనగా ఒక ఊల్లో ఒక బల్లె ఉండేది. దానికి లోజూ లైలు కూత వినబడేది. ఎవలో తనను పిలుస్తున్నలు అనుకునేది."

నీళ్ళ ట్యాంకు నీడలో రోజూ ఊరి ఆడవాళ్ళు చాటలు ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడతారు. అక్కడేం జరిగిందో వాళ్ళు తరువాత ఏడాది పొడుగునా నా ముందే చెప్పుకున్నారు, కాబట్టి చూసినట్టే చెప్పగలను. నెత్తి మీద బూరలోంచి కథ మొదలవగానే చేతులు ఆగిపోయాయట. బర్రె రైలెక్కి, కిటికీ పక్క సీటు కోసం ఒక పెద్దమనిషితో పోట్లాడేసరికి ఎల్లవ్వ అనే ముసలామె నవ్వలేక చాట పక్కన పెట్టిందట. అప్పుడు రవళి తల్లి సుజాత ఆ గొంతు గుర్తుపట్టి, "గది మా పిల్లనే," అన్నదట. కూతురు అంతసేపు మాట్లాడగా ఆమె విని చాలా రోజులైంది.

ఎల్లవ్వే అందరికీ కట్టడి చేసింది. "ఊరంత ఇంటున్నదని తెలిస్తె పిల్ల సదువుడు బంద్ జేస్తది. ఎవ్వరు జెప్పొద్దు. మీ పోరగాండ్లకు గూడ గట్టిగ జెప్పుండ్రి."

నోట్లో నువ్వుగింజ నానని ఊరు అది. పొద్దున ఒకరి ఇంట్లో కూర మాడితే మధ్యాహ్నానికి పక్క ఊరికి వాసన చేరుతుంది. అటువంటి ఊరు ఒక గుట్టు దాచడానికి పూనుకుంది.

మంగళవారం పొద్దున ప్రార్థన కూడా ఊరికి వినిపించింది. పిల్లలు పదమూడో ఎక్కం అప్పజెప్పుతుంటే ట్యాంకు కింద ఆడవాళ్ళు కూడా అందుకున్నారట. "పదమూడేడ్లు తొంభై ఒకటేనా? నేను గిన్నొద్దులు తొంభై మూడనుకుంటున్న," అని ఒకామె నోరు వెళ్ళబెట్టిందట. మధ్యాహ్నం కాగానే బర్రె కోసం చెవి కోసుకొని కూర్చున్నారు. పొలం నుంచి వచ్చిన మగవాళ్ళు కూడా సద్ది గిన్నెలతో అక్కడే చేరారు. బుధవారం నాటికి ఎవరూ బర్రెను బర్రె అనడం లేదు. "ఇయ్యాల బల్లె ఏం జేస్తదో," అనే అంటున్నారు. అది ఎగతాళి కాదు. ఆ బర్రె వాళ్ళకు పరిచయమైంది ఆ పేరుతోనే, అంతే.

చిక్కంతా పిల్లలతో వచ్చింది. పెద్దల మాట కాదనలేక నోరు మూసుకున్నారు గానీ, గుట్టు కడుపులో నిలవదు కదా. రవళి ఎదురైతే చాలు, పెదాలు బిగబట్టుకోవడం, ఒకరినొకరు గిల్లుకోవడం, ఆపుకోలేక కిసుక్కున నవ్వి నల్లా దగ్గరికి పరుగెత్తడం. వాళ్ళకది సంబరం. ఏమీ తెలియని పిల్లకు అది ఎలా కనబడుతుందో వాళ్ళకు తట్టలేదు.

గురువారం రవళి వచ్చి నా ముందు కూర్చుంది. పుస్తకం తెరవలేదు.

"అందలు నన్ను జూసి నవ్వుతున్నలు," అన్నది మెల్లగా. "నువ్వొక్కదానివే నవ్వవు. నేనింక సదువ. శనివాలం బడికే లాను."

నన్ను తువ్వాలులో చుట్టింది. ఎంత జాగ్రత్తగా చుట్టిందంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఎన్నో అబద్ధాలను ఊరూరా వినిపించినవాణ్ణి. అప్పుడెప్పుడూ సిగ్గుపడలేదు. ఒక పిల్ల నమ్మి నా ఒక్కడికే చెప్పుకున్న నిజాన్ని ట్యాంకు మీద నుంచి ఊరంతటికీ చాటానే అని ఆరోజు సిగ్గుపడ్డాను.

ట్యాంకు కింద ఆ మాటలూ వినబడ్డాయట. సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుందట. ఆ సాయంత్రం ప్రతి ఇంట్లోనూ పిల్లలకు పెట్టాల్సింది పెట్టారు. శుక్రవారం పొద్దున బడికి వచ్చిన పిల్లలు ఎవరూ నవ్వలేదు. భోజనాల వరుసలో రవళిని ముందుకు జరిపారు. లైలు కూత మొదటిసారి వేసిన అమ్మాయి, శ్రీజ, తన కోడిగుడ్డు తెచ్చి రవళి పళ్ళెంలో పెట్టి వెళ్ళిపోయింది. ఆ బడిలో కోడిగుడ్డు ఇవ్వడం అంటే చిన్న సంగతి కాదు.

రవళి చేయి కడుక్కొని నా దగ్గరకు వచ్చింది. కాసేపు ఆలోచించి పుస్తకం తెరిచింది. నాకు ప్రాణం లేచివచ్చింది. కథ మంచి పట్టులో ఉంది. టికెట్ కలెక్టర్ వచ్చాడు. బర్రెకు టికెట్ లేదు. రైలు పెట్టెలో అందరూ దాని పాలతో చాయ్ తాగారు, ఒక్కరూ దాని పక్షాన మాట్లాడరు. "టికెట్ కలెక్టల్ ఒక చేత్తో బల్లె కొమ్ము పట్టుకున్నడు. లెండో చెయ్యి గొలుసు మీద ఏసిండు. అప్పుడు బల్లె..."

కరెంటు పోయింది.

రవళికి తెలియదు. చివరిదాకా చదివి పుస్తకం మూసింది. ఊరికి మాత్రం బర్రె కొమ్ము టికెట్ కలెక్టర్ చేతిలోనే ఉండిపోయింది.

శనివారం సమావేశానికి పద్మజ టీచర్ ఎప్పటిలాగే పది కుర్చీలు వేయించింది. ఊరు ఊరంతా వచ్చింది. బీడీల ఆడవాళ్ళు చాటలతో సహా వచ్చారు. చాలనివాళ్ళు వరండా గోడలెక్కి కూర్చున్నారు. టెంట్ హౌస్ కొమురయ్య గబగబా పోయి రెండు జంబుఖానాలు తెచ్చి పరిచాడు. టీచర్‌కు ఆనందం ఆగలేదు. తన ప్రకటన ఇన్నాళ్ళకు పనిచేసిందని అనుకుంది పాపం.

చిన్నపిల్లలు చేతులు కడుక్కోవడం మీద నాటిక వేశారు. జనం చప్పట్లు కొట్టారు గానీ చూపులన్నీ మరోచోట ఉన్నాయి. చివరికి టీచర్ పిలవగా రవళి వచ్చింది. తల్లి చేయి పట్టుకొని తెచ్చిందని తరువాత తెలిసింది. నా ముందు నిలబడి పుస్తకం తెరిచింది. అంతమందిని చూసింది. ఊపిరి నాకు తగులుతోంది, మాట రావడం లేదు. మొదటి అక్షరమే 'రై'. పెదవి కదిలి ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. టీచర్ నన్ను తీసుకోవడానికి చేయి చాచింది.

అప్పుడు ముందు వరుసలోంచి ఎల్లవ్వ అడిగింది. "బిడ్డా, ఆ బల్లె బండి దిగిందా, లేదా?"

రవళి తల ఎత్తింది. "నీకెట్ల తెలుసు?"

"నిన్న కరెంటు వొయ్యింది గదనే. గప్పటి సంది నా పానమంత దాని మీదనే ఉన్నది."

రవళి నన్ను చూసింది, పెట్టెను చూసింది. టీచర్ చేయి నోటి మీదికి పోయింది. సుజాత లేచి నిలబడి, "సోమవారం సంది అందరం ఇంటున్నం బిడ్డా," అన్నది. "చెప్తె నువ్వు సదువవని చెప్పలే."

పిల్ల ముఖం కందిపోయింది. నాకు భయం వేసింది. ఇక ఈ జన్మలో నా మొహం చూడదనుకున్నాను. రవళి ఎల్లవ్వ వైపు తిరిగింది.

"అవ్వా, అది బల్లె గాదు," అన్నది. "బల్లె."

"గదే బిడ్డా, నేను గూడ గదే అంటున్న."

"బల్లె గాదే అవ్వా. బ... ల్లె."

"ఔ మల్ల, బల్లె. మా ఇంట్ల గూడ రెండున్నయి."

ఎవరూ నవ్వలేదు. గురువారం ఇంట్లో పడిన అక్షింతలు పిల్లలకు గుర్తున్నాయి. బుగ్గలు ఉబ్బించుకొని కూర్చున్నారు. శ్రీజ రెండు చేతులతో నోరు మూసుకుంది. వాళ్ళను చూసి ముందుగా నవ్వింది రవళే. ఆ నవ్వు నాలోంచి వెళ్ళి ట్యాంకు మీద మోగింది. అప్పుడు అందరూ నవ్వారు. పద్మజ టీచర్ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

ఇక రవళి చదివింది. టికెట్ కలెక్టర్ గొలుసు లాగి దింపేయబోతుంటే భయపడిన బర్రె గట్టిగా అరిచిందట. ఆ అరుపు విని ఎదురుగా ఇంకో రైలు వస్తోందనుకొని డ్రైవర్ బండి ఆపాడట. ఆగింది సరిగ్గా బర్రె ఊరి ముందే. దర్జాగా దిగి ఇంటికి పోయిందట. "లైలు కూత విని బల్లె ఎక్కింది. బల్లె కూత విని లైలు ఆగింది," అని రవళి పుస్తకం మూసింది. ఎల్లవ్వ తృప్తిగా బీడీ చుట్టడం మొదలుపెట్టింది.

పద్మజ టీచర్ ఊరి బూరకు కొత్త ఎర్ర దీపం వేయించింది. ఇప్పుడు రోజూ మధ్యాహ్నం ఎవరో ఒక పిల్ల కథ చదువుతుంది. వింటున్నారని తెలిసే చదువుతుంది. ఎక్కువసార్లు అది రవళే. దీపం వెలిగిందో లేదో తనే వంగి చూసుకుంటుంది.

నా జాలీ తుప్పు పట్టింది. గొంతు బొంగురుపోయింది. ఎప్పుడో ఒకనాడు ఆ ఇనుప సామాన్ల బండి మళ్ళీ వస్తుంది. రానివ్వండి, నాకు చింత లేదు.

రవళి ఐదో తరగతికి వచ్చేసరికి నాలుక తిరిగింది. ఎండాకాలం సెలవుల తరువాత నా ముందుకు వచ్చి, "నా పేరు రవళి," అని చెప్పింది. నాకు చెప్పిందో, ఊరికి చెప్పిందో. ఆరోజు ట్యాంకు కింది వాళ్ళు పాత కథే కావాలని కబురు పంపారు. రవళి పుస్తకం తెరిచి, "రైలెక్కిన..." అన్నది. ర గుండ్రంగా, స్పష్టంగా పలికింది. ఒక్క క్షణం ఆగింది. అట్ట మీద ఏముందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు.

"బల్లె," అని చదివింది.