తువ్వాలు కింద మూడో చెయ్యి

ఈశ్వరమ్మ కూతుర్ని తీసుకుపోయిన మర్నాడు, పిల్ల గొంతు మాత్రం అప్పలసూరి ఇంట్లోనే ఉండిపోయిందని తెలుస్తుంది. అది గంజికుండలో ఉంది. "నాన్నా, ఆకలేస్తంది" అంటుంది. అప్పలసూరి కుండలోకి బెల్లంముక్క జారవిడుస్తాడు. కరకరా నమిలిన చప్పుడవుతుంది. బెల్లం మాత్రం అలాగే ఉంటుంది.

అప్పలసూరి పశువుల సంతలో బేరగాడు. ఈశ్వరమ్మ జాకెట్లు కుడుతుంది. ఇద్దరూ ఏళ్ల తరబడి ఒకే కప్పు కింద కాపురం చేశారు గాని, తాళి మాటెత్తితే "వచ్చే మాఘంలో" అనుకుంటూ వచ్చారు. చెప్పించుకుని చెప్పించుకుని విసుగెత్తి మాఘాలు ఆ ఇంటికి రావడం మానేశాయి. ఆఖరికి నిన్నటి తగువులో ఆమె కుట్టుమిషన్నీ కూతురు పైడినీ తీసుకుని రెండు వీధుల అవతలికి వెళ్లిపోయింది. తాళి లేని కాపురంలో పిల్ల తల్లిదేనని ప్లీడరు చెప్పినప్పటి నుంచి అప్పలసూరికి అన్నం సయించడం లేదు. వారానికి ఒక్క సంతరోజు పిల్ల తన దగ్గరుంటే చాలు. ఆ ఒక్కటీ దక్కదేమోనని అతని బెంగ.

మధ్యాహ్నానికి ఈశ్వరమ్మ పైడి రెక్క పట్టుకుని వస్తుంది. పిల్ల నోరు తెరుస్తుంది, మూస్తుంది. మాట రాదు.

"గొంతు ఇచ్చీయ్. అన్నం కావాలన్నా అడగనేకపోతంది గుంట."

"నా దగ్గర ఇంకేటుందే ఈశ్వరీ? గొంతయినా ఉండనీ."

"గొంతుకి జడెయ్యగలవేటి?"

కుండ కిసుక్కున నవ్వుతుంది. పైడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది.

సరే, కోర్టులోనే తేల్చుకుందామని బయల్దేరతారు. కుండ అప్పలసూరి నెత్తి మీద ఉంటుంది. కోర్టు భవనం వేసవి సెలవులకు పుట్టింటికి వెళ్లింది కాబట్టి విచారణ పశువుల సంతలో పెట్టారు. జడ్జిగారు ఎడ్లు విప్పిన నాటుబండి మీద కూర్చుని, చీర మీది నల్లకోటు చేతులు పైకి మడుచుకుని చెరుకు నములుతున్నారు. ఎడ్లు బుద్ధిగా బోనులో నిలబడ్డాయి.

"ఏదీ, పిల్లని చూపించండి" అంటారు జడ్జిగారు.

సంతలో ఆ మాట వినబడితే అప్పలసూరి చెయ్యి అతని మాట వినదు. పైడి గడ్డం ఎత్తి నోట్లోకి చూస్తాడు.

"ముందు పళ్లు రెండూ లేవు. మెడ సన్నం. మేత సరిగ్గా తినదు. మొండిఘటం, తోలితే ఒకపక్కకే లాగేస్తది" అనేసి నాలుక కరుచుకుంటాడు.

ఈశ్వరమ్మకు ఏనుగెక్కినంత సంబరం. "ఇన్నారా అమ్మగారూ? నా కూతురు బంగారం! పద్యం ఒక్కసారి ఇంటే అప్పజెప్పేస్తది. కోపమన్నదే తెలీదు."

జడ్జిగారు చెరుకుపిప్పి ఉమ్మి అంటారు: "మా నాన్న ఎడ్లు కొన్నది ఈ సంతలోనే. మెచ్చుకునేవాడు అమ్మేవాడు. వంక పెట్టేవాడు కొనేవాడు. ఏమ్మా, పిల్లని వదిలించుకుందామనా?"

ఈశ్వరమ్మ ఒక్క అంగలో బండి దగ్గరికి వస్తుంది. "ఎంత మాటన్నారు తల్లీ! దీనంత పెంకిది జిల్లాలో లేదు! పక్క తడిపేస్తది! సూదులు దాచీసి ఎతుక్కోమంటది!"

"నా చెప్పులోన కప్పని పెట్టింది" అంటాడు అప్పలసూరి, పోటీకి.

"నిద్దరోతంటే నా జడ మిషనుకి కుట్టీసింది!"

"సంత మద్దిలో నన్ను దున్నపోతా అని పిలిచింది!"

"అది అమ్మ నేర్పింది" అంటుంది కుండ.

వంకలు పెరిగేకొద్దీ ఇద్దరి కళ్లూ చెమ్మగిల్లుతాయి. బోనులో ఎడ్లు ముక్కు చీదుతాయి.

"ఇద్దరూ కొనేవాళ్లే. అమ్మేవాళ్లు లేరు. దీనికి తువ్వాలే మందు" అని జడ్జిగారు బండిలోంచి తువ్వాలు తీసి ఇస్తారు.

సంతలో బేరం పైకి చెప్పరు. తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్లు పట్టుకుని తేలుస్తారు. బేరం తెగేదాకా చెయ్యి తియ్యకూడదు. తీసినవాడు ఓడినట్టే.

అప్పలసూరి ఒక్క వేలు చాపుతాడు. ఒక్క సంతరోజు. ఈశ్వరమ్మ ఆ వేలిని ముడిచేస్తుంది. మళ్లీ చాపుతాడు. మళ్లీ ముడిచేస్తుంది. సూదిపోట్లతో గరుకెక్కిన ఆమె వేళ్లు తగిలి చాన్నాళ్లయిందని అతనికి అనిపిస్తుంది. ఈసారి ముడవడంలో ఆమె కొంచెం ఆలస్యం చేస్తుంది.

ఆ సందులో తువ్వాలు కిందికి మూడో చెయ్యి వస్తుంది. చిన్నది, బెల్లం జిగటతో ఉంది. నాన్న వేలొకటి, అమ్మ వేలొకటి కలిపి పట్టుకుంటుంది. కుండ ఖాళీ అవుతుంది.

"వదలకు నాన్నా. అమ్మా, నువ్వూను" అంటుంది పైడి, తన నోటితోనే.

"మూడో చేతికి ఎంతని లెక్క?" అంటారు జడ్జిగారు.

"ఈ సంతలోన మూడో చెయ్యి ఎప్పుడూ రాలేదు అమ్మగారూ" అంటాడు అప్పలసూరి.

"అయితే బేరం తెగలేదు. ఎవరిళ్లకు వాళ్లు వెళ్లండి. చేతులు మాత్రం తియ్యకండి."

ఎవరింటికి వాళ్లు వెళతారు. నడిచినకొద్దీ చేతులు సాగుతాయి. వీధుల మీదుగా, పెంకుటిళ్ల మీదుగా సాగుతాయి. పొద్దు వాలేసరికి జనం వాటి మీద చీరలు ఆరేసుకుంటున్నారు. అప్పలసూరి మోచేతి మీద కాకి వాలుతుంది. చక్కిలిగింత పెట్టినా అతను కదలడు.

రెండు చేతుల నడుమ తువ్వాలు ఉయ్యాలయింది. అందులో పైడి ఊగుతోంది. ఇటు ఊగినప్పుడు అప్పలసూరి గుమ్మం దాకా వస్తుంది. అతను పిల్ల నోట్లో బెల్లం పెడతాడు. అటు ఊగి వచ్చేసరికి పిల్ల జడ ఒక పాయ ఎక్కువగా అల్లి ఉంటుంది. ఈశ్వరమ్మ ఒంటి చేత్తో, పంటితో పట్టుకుని వేస్తున్నట్టుంది. ఊగిన కొద్దీ జడ పొడుగవుతూ వీధులన్నీ తుడుస్తోంది.

ఉయ్యాల కింద ఎడ్లు ఊగడానికి తమ వంతు కోసం వరస కట్టాయి. వరసలో అందరికంటే ముందు జడ్జిగారు, నల్లకోటు మడిచి చంకలో పెట్టుకుని నిలబడ్డారు.

"మీ వంతు ఇప్పట్లో రాదు అమ్మగారూ" అని ఇంట్లోంచి కేకేసి, అప్పలసూరి వేలు ఇంకాస్త బిగిస్తాడు.