కుక్కర్లో ఉడికిన సీసాలు

పప్పు దించి, కుక్కర్ తోమి, అదే కుక్కర్లో గాజు సీసాలు పేర్చి మళ్ళీ పొయ్యి మీద పెట్టేసరికి సుమిత్రకు నడుము నిలవలేదు. పంతొమ్మిది వందల అరవై నాలుగు నాటి మాట. వికారాబాదులో వాళ్ళ ఇంటి వెనక గదే ఆమె భర్త చంద్రశేఖర్ ప్రయోగశాల. ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టరు, ఈ ప్రయోగం హైదరాబాదులో ఆయనకు చదువు చెప్పిన ప్రొఫెసరు ఒప్పజెప్పిన పని. అనంతగిరి నుంచి తెచ్చిన నేలవేము ఆకు ముక్కను, కొబ్బరినీళ్ళూ చక్కెరా కలిపి గడ్డకట్టించిన గంజి మీద పెడితే, వేరూ కొమ్మా లేని తెల్లటి ముద్దగా పెరుగుతుంది. ఆ ముద్ద రసం చీము పట్టించే క్రిములను ఆపుతుందా లేదా చూడాలి. చూసేది ఆయన. కొబ్బరికాయ కొట్టడం, సీసాలు ఉడికించడం, నెలకోసారి ముద్దలను కొత్త సీసాల్లోకి మార్చడం మాత్రం సుమిత్ర వంతు. తాండూరు బడిలో సైన్సులో ఫస్టు వచ్చిన పిల్ల మరి, ఊరికే ఎందుకు కూర్చోవాలి!

సీసాలు ఉడికేది వంటింటి కుక్కర్లో కనుక అవీ వంటింటి సామానే అని అత్త రామమ్మ తేల్చేసింది. సుమిత్ర బయటుండే మూడు రోజులూ ఆ గది గడప తొక్కకూడదు. ముద్దలు మార్చే తేదీ, ఆమె తేదీ రెండు నెలలుగా ఒక్కచోటే పడ్డాయి. రెండుసార్లూ చంద్రశేఖరే మార్చాడు. ముద్దను ఎత్తే సూదిని క్రిములు చచ్చేలా మంటలో ఎర్రగా కాల్చే ఓపిక ఆయనకెక్కడిది? సీసా మూత తీసిపెట్టి ముచ్చట్లు చెబుతాడు. వారం తిరక్కుండా నల్ల బూజు పట్టింది. నలభై సీసాల్లో తొమ్మిది మిగిలాయి.

"దీని నీడ వడ్డది కొడుకా, గందుకే గిట్ల చెడిపోయినయి" అంది అత్త.

సుమిత్ర భర్త వైపు చూసింది. క్రిములంటే ఏమిటో రోజూ పిల్లలకు పాఠం చెప్పే మనిషి. "అమ్మ మనసు కష్టవెట్టుడెందుకు? జర దూరముండు" అన్నాడు. అత్త మీద ఆమెకు కోపం రాలేదు, పాపం ఆమెకెవరు చెప్పారు గనక! తెలిసీ నోరు మూసుకున్నవాడి మీదే వచ్చింది. ఆ కోపాన్ని మోయడానికీ ఒంట్లో సత్తువ ఉండాలి కదా.

మూడో నెల ప్రొఫెసరు ఉత్తరం రాశాడు. ముద్దలు నిలిస్తే పని సాగుతుంది, లేకుంటే గది ఎత్తేయాలి. గది పోతే సుమిత్రకు మిగిలేది పప్పే. ఆ ఇంట్లో ఆమెకు నిజంగా ఇష్టమైనది ఆ సీసాల పనొక్కటేనని ఎవరికీ తెలియదు.

మార్చాల్సిన రోజు పొద్దున్నే నెలసరి వచ్చింది. పొత్తికడుపులో నొప్పి, కాళ్ళు పీకుతున్నాయి. వెనక వసారాలో కూర్చుంటే మూడు రోజులు విశ్రాంతి. ఇన్నేళ్ళూ ఆ విశ్రాంతి కోసమే ఎదురుచూసింది. ఈసారి వెళ్ళలేదు, ఎవరికీ చెప్పలేదు. సీసాలు ఉడికించి, తలుపు మూసి, సూదిని ప్రతిసారీ కాల్చి తొమ్మిది ముద్దలనూ మార్చింది. మధ్యాహ్నం అదే కుక్కర్లో ఉడికిన కందిపప్పును అత్త మారు వడ్డించుకుంది.

ఒక్క సీసాకూ బూజు రాలేదు. ముద్దలు బలిశాయి. ప్రొఫెసరు వచ్చిన రోజు గాజు పళ్ళెంలో క్రిములు అంతటా పొరలా పరుచుకున్నాయి, ముద్ద రసం పెట్టిన చోట మాత్రం చుట్టూ ఖాళీగా, శుభ్రంగా ఉంది. సుమిత్రకు కళ్ళు చెమ్మగిల్లాయి. చాయ్ కప్పులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది.

"భేష్! ఈసారి ఎవరు మార్చారు?" అన్నాడు ప్రొఫెసరు.

"నేనే సార్" అన్నాడు చంద్రశేఖర్.

"గీసారి ఇంట్ల అంటు ముట్టు లేకుంట చూసుకున్నం సారూ" అంది రామమ్మ.

సుమిత్ర కప్పులు బల్ల మీద పెట్టింది.

"చెడిపోయినయి ఆయన మార్చినయి సారూ. గీ తొమ్మిది నేను మార్చిన, ముట్టుల ఉండి."