పొయ్యి దగ్గర శరణు

ఆ రోజు వాదం నుంచి తప్పించుకోవాలని ఫైనిప్పోస్ చాలా చూశాడు. తలనొప్పన్నాడు, గొంతు బొంగురుపోయిందన్నాడు. మా గురువు యూఫ్రోన్ వినలేదు.

"ఊరి పెద్దలొస్తున్నార్రా. ప్రశ్నలడిగేది నువ్వే. జవాబులు నీ తోటివాడు క్తేసియాస్ చెబుతాడు."

పెద్దలు వచ్చి కూర్చున్నాక, క్తేసియాస్ నిలబెట్టవలసిన మాటను చెప్పాడు: ఎవరి సొత్తు వారికి అప్పగించడం ఎప్పుడూ న్యాయమే. ఫైనిప్పోస్ దాన్ని పడగొట్టాలి. వినగానే వాడి ముఖం పాలిపోయింది. కారణం నాకొక్కడికే తెలుసు. అంటిడోరోస్ ఇంటి నుంచి పారిపోయిన బానిసపిల్ల మికా, చేతి మీద కాల్చిన మచ్చలతో వచ్చి, దేవత ఉండే చోటని ఫైనిప్పోస్ వాళ్లింటి పొయ్యి పట్టుకుని శరణని కూర్చుంది. వాడి తల్లి ఆమెను కదలనివ్వలేదు. ఆ అంటిడోరోస్ ఇప్పుడు ముందు వరుసలో కూర్చున్నాడు.

"కావాలనే ఓడిపోతాను, అంతే" అన్నాడు వాడు నా చెవిలో.

మా వాదంలో ఒక కట్టుబాటుంది. ప్రశ్నించేవాడు సొంత సిద్ధాంతం తేకూడదు. అందరూ, లేదా ఎక్కువమంది, లేదా పెద్దలు ఒప్పుకునే మాటే తేవాలి. ఎదుటివాడు అవుననో కాదనో అనాలి.

ఫైనిప్పోస్ నీళ్లు నములుతూ పస లేని ప్రశ్నలు వేశాడు. జనం ఆవులించారు. అంటిడోరోస్ నవ్వాడు.

"ఏం అబ్బాయ్, సరుకు అయిపోయిందా? నా పిల్ల దొరకనీ, సొత్తంటే ఏమిటో రెండో చేతి మీద కూడా రాసి చూపిస్తాను!"

అందరూ నవ్వారు. ఫైనిప్పోస్ నవ్వలేదు. మనిషి ఎవరి సొత్తూ కాడు కదా అని అడగాలనుకున్నాడట. కానీ ఆ ప్రశ్నకు అక్కడ ఒక్కడూ అవుననడు. ఒప్పుకునేవాడు లేని మాట మా వాదంలో చెల్లదు. వాడు క్తేసియాస్ వైపు తిరిగాడు.

"క్తేసియాస్, పొయ్యి దగ్గర శరణన్నవాణ్ణి అప్పగించడం పాపమేనా?"

"అవును. కాదనేవాడు గ్రీకువాడేనా?"

"అది నీ ఒక్కడి మాటేనా, అందరి మాటా?"

"అందరిదీ!" అని అంటిడోరోసే అరిచాడు. "ఇదీ ఒక ప్రశ్నేనా!"

"పాపమైన పని న్యాయమవుతుందా?"

"కాదు."

"మరి శరణన్నవాడు పరుల సొత్తయితే?"

క్తేసియాస్ గురువు వైపు చూశాడు. జనం గుసగుసలాడారు. అంటిడోరోస్ మెల్లగా లేచాడు.

"ఏరా, మీ పొయ్యి దగ్గర ఎవరున్నారు?"

వాడు అబద్ధమాడితే బాగుండుననుకున్నాను.

"మికా ఉందయ్యా" అన్నాడు ఫైనిప్పోస్.

"దొంగవెధవా! ఇది ఆట. నా మనిషిని నాకు పంపు." అంటిడోరోస్ సాయం కోసం చుట్టూ చూశాడు. ఇందాక నవ్వినవాళ్లు నేల చూపులు చూశారు.

"అంటిడోరోస్, ఇంతమంది ముందు నువ్వే అన్నావు కదయ్యా" అన్నాడు యూఫ్రోన్.

"అందరూ అనేదే అన్నాను!"

"అందుకేనయ్యా, ఇప్పుడు కాదంటే అందరినీ కాదన్నట్టే."

చాలాసేపు అరుపులయ్యాయి. దొంగతనం కేసు పెడతానన్నాడు అంటిడోరోస్. చివరికి ఒక్కదానికి దిగివచ్చాడు: ఆ పిల్ల బానిసలకు ఆశ్రయమిచ్చే థీసియస్ గుడికి వెళ్లొచ్చు, పూజారి ఒప్పుకుంటే తాను ఆమెను వేరే యజమానికి అమ్ముతాడు. ఆమెను విడిచిపెట్టాలన్న మాట ఎవరి నోటా రాలేదు. ఫైనిప్పోస్ కూడా అనలేదు.

మర్నాడు ఉదయం నేనూ, ఫైనిప్పోస్, వాడి తల్లీ ఆమెను గుడికి తీసుకెళ్లాం. అంటిడోరోస్ మనుషులు కర్రలతో వెంట నడిచారు. మికా ఫైనిప్పోస్ తల్లి పైవస్త్రం గట్టిగా పట్టుకుంది.

"అమ్మా, లోపలికొచ్చి లాక్కుపోరు కదా?"

"రారే. గుడిలో ఎవరూ ముట్టరు. లోకమంతా ఒప్పుకునే మాట" అంది ఆమె. అంటూనే వెనక్కి తిరిగి చూసింది.

పూజారి మచ్చలు చూసి తలూపాడు. ఆ నెలలోనే ఒక కుమ్మరి మికాను కొనుక్కున్నాడు. అతను ఎలాంటివాడో మాకెవరికీ తెలియదు. సంత వైపు వెళ్లినప్పుడల్లా ఫైనిప్పోస్ ఆ కుమ్మరి వీధి చివర ఆగి, అతని ఇంట్లోంచి ఏ చప్పుడు వస్తోందో వింటాడు.