గుట్ట మీదికి పిలుపు

ఫోన్లు రాకముందు ఆ ఐదు పల్లెల్లో ఏ కబురైనా మొగిలి డప్పుతోనే తిరిగేది. గ్రానైటు గుట్టను కాపాడే కమిటీ పెట్టిన కొత్తలోనూ అంతే. డప్పు మోగితే ముసలీ ముతకా గుట్టెక్కి కూర్చునేవాళ్లు. మనుషులుండగా పేల్చలేక క్వారీవాళ్లు వెనక్కి పోయేవాళ్లు.

తర్వాత కమిటీ పెద్ద దశరథం కబుర్లు పంపడానికి ఫోన్‌లో పేజీ తెరిచాడు.

"నలభై వేల మంది చూస్తున్నరే మొగిలన్నా! ఇగ నీ చేతులకు సెలవు," అని నవ్వాడు.

ఆ నవ్వు మొగిలికి ముల్లులా దిగింది. డప్పును కొయ్యకు తగిలించి మళ్లీ ముట్టలేదు.

రెండేళ్లకు ఒకనాడు పొద్దుగూకే వేళ దశరథం ఉరికొచ్చాడు.

"అన్నా, పేజీ బందైంది. ఎవలో ఫిర్యాదులు పెట్టిండ్రట. రేపు ఎనిమిదింటికి గుట్ట పేలుస్తరు. నేను రాసింది ఎవ్వలకు పోలే. జర డప్పు కొట్టరాదే!"

"నలభై వేల మంది ఉన్నరు గద, పిలువు."

"ఆళ్లు మన ఊరోళ్లు కాదే!"

"గది గిప్పుడు ఎరుకైందా?" మొగిలి తలుపేసుకున్నాడు.

దశరథం ఇల్లిల్లూ తిరిగాడు. "ఫోన్ల రాలే గద, నిజమేనా?" అన్నారు జనం. తెల్లారి ఒక్కడే గుట్టెక్కాడు. పైన మనిషున్నాడని తెలియక కిందివాళ్లు పేల్చేశారు; దశరథం మళ్లీ దిగి రాలేదు.

అప్పటినుంచి రోజూ ఎనిమిదింటికి గుట్ట పేలుతూనే ఉంది. గిన్నెలు గలగలమంటాయి. మొగిలి చేతిలో చాయ్ తొణుకుతుంది. భార్య ఆనందమ్మ చూసీ చూడనట్టుంటుంది.

నెలన్నర గడిచింది. ఒక మధ్యాహ్నం ఆనందమ్మ ఫోన్ మోగింది. పక్కింట్లోనూ మోగింది. వాడంతా ఒక్కసారే మోగింది. పేజీ మళ్లీ తెరుచుకుంది. ఆనాడు ఆగిపోయిన పిలుపు దశరథం ఫొటోతో ఇప్పుడొచ్చింది: "రేపు ఎనిమిదింటికి గుట్ట మీదికి రాండ్రి. నేను గక్కడనే ఉంట."

కాసేపటికి దశరథం భార్య కొమురవ్వ వాకిట్లో నిలబడింది, ఫోన్ కొంగులో పట్టుకుని.

"మొగిలన్నా, మా ఆయన రమ్మంటుండు. అందరికి చెప్పవా?"

మొగిలి కొయ్య దగ్గరికి నడిచాడు. డప్పు దించి, తాటాకు మంట మీద కాచాడు. ఎలుకలు అంచు కొరికిన తోలు ఎంత కాచినా బిగియలేదు. అట్లాగే మెడలో వేసుకుని బయలుదేరాడు. గుంతలో మట్టి పడ్డట్టు మోగింది.

ఈమధ్య డప్పు చావుకే వింటున్నారు. ఒక ముసలాయన అరుగు మీదినుంచి అడిగాడు: "ఎవలు పోయిండ్రే మొగిలీ?"

మొగిలి ఆగలేదు.

"వినుండ్రో! రేపు ఎనిమిదింటికి గుట్ట మీదికి రాండ్రో!"

అంతే చెబుదామనుకున్నాడు. కానీ నోరు ఆగలేదు.

"నేను గక్కడనే ఉంట."

వెనక నడుస్తున్న కొమురవ్వ తలెత్తి చూసింది.