తుపాకీకి బెదరని పిల్లి

కట్టుడు పళ్లు చేసే ఆయన ఇంట్లో ఉండే పిల్లికి సినిమాలో వేషం దొరికింది దాని అందం చూసి కాదు, దాని చెవులు చూసి. పళ్లకు మెరుగుపెట్టే మోటారు రోజంతా గీపెడుతుండే గదిలో, ఆ మోటారుకు జానెడు దూరంలో, పాత తువ్వాలు మీద నిద్రపోవడం దానికి అలవాటు. వీధిలో మిగతా పిల్లులు చీమ చిటుక్కుమంటే గోడ దూకేవి. ఇది, పక్కన సుత్తి పెట్టి గట్టిపడిన అచ్చును పగలగొడుతుంటే ఆవలించేది.

ఆ సంగతి ఆయన చెల్లెలికి తెలుసు. ఆమెది సినిమాలకు సెట్లు వేయించే ఉద్యోగం. ఇప్పుడు తీస్తున్నది గూఢచారుల సినిమా. మాటలు తక్కువ, కాల్పులు ఎక్కువ. విలన్ ఒళ్లో ఎప్పుడూ ఒక పిల్లి ఉండాలి. అప్పటికే తెచ్చిన పిల్లుల్లో ఒకటి మొదటి కాల్పుకే విలన్ మొహం మీదుగా పైకెక్కి దీపాల కమ్మీ మీద కూర్చుంది. ఇంకొకటి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు.

"అన్నయ్యా, నీ పిల్లిని కొన్నాళ్లు ఇస్తావా?"

"నా పిల్లి అని ఎవరన్నారు?" అన్నాడు ఆయన, మైనపు చిగుళ్లలో పన్ను నిలబెడుతూ.

"మరి ఎవరిదో?"

"ఆవిడ ఇక్కడ ఉంటున్నారు. అంతే."

"పిల్లిని 'ఆవిడ' అనే మనిషివి లోకంలో నువ్వొక్కడివే. సరే, ఆవిడగారినే అడుగు. వస్తారేమో."

పిల్లి ఆయన ఇంటికి వచ్చింది కొన్నేళ్ల కిందట, ఒక వానరోజున. అప్పటికే వయసొచ్చిన పిల్లి, కిటికీలోంచి దిగి, గది నాలుగు మూలలూ చూసి, తువ్వాలు ఎంచుకుంది. ఆయన పేరు పెట్టలేదు. వేరేచోట దానికి ఇదివరకే ఒక పేరు ఉండి ఉంటుందనిపించింది. గిన్నెలో తిండి పెట్టి తన పీట మీదికి వెళ్లిపోయేవాడు. అది తనకు తోచినప్పుడు తినేది. ఒళ్లోకి ఎప్పుడూ రాలేదు. ఆయనా ఎప్పుడూ పిలవలేదు.

దీన్ని మర్యాద అనుకునేవాడు ఆయన. ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ బాగుచేస్తాడు గానీ తన నోట్లో నాలుక లేదని చుట్టాలు నవ్వేవాళ్లు. ఆయన వాళ్లతో పాటు నవ్వేవాడు. అది మర్యాదేనా, మర్యాద ముసుగేసుకున్న ఇంకేదైనానా అని మాత్రం తరచి చూసుకోలేదు. కొన్ని పళ్లు నొప్పి పుట్టనంతకాలం కదపకుండా ఉంచడమే మేలు.

చెల్లెలి మాట కాదనలేక, పిల్లిని బుట్టలో పెట్టుకుని రోజూ ఆయనే సెట్టుకు వెళ్లేవాడు. పెద్ద రేకుల షెడ్డు. లోపల చెక్కలతో వేసిన విలన్ గది. పాలరాయిలా రంగేసిన గోడలు, వెనక నుంచి చూస్తే మేకులు, బద్దలు. పిల్లి దిగి, అందరినీ ఒకసారి కింద నుంచి పైకి చూసి, మొహం తిప్పుకునేది. లైట్లు పెట్టేవాళ్లు రెండోరోజుకే దానికి 'అత్తగారు' అని పేరు పెట్టేశారు.

"లేవండ్రా, అత్తగారొచ్చారు!"

"ఈ రోజు మొహం మాడ్చుకున్నారేంటో!"

"కోడలు టీలో చక్కెర తక్కువేసింది కాబోలు."

విలన్ వేషం వేసేది ఒక పెద్దమనిషి. తెర మీద కనుబొమ్మ ఎత్తితే నాలుగు భవనాలు పేలేవి. తెర బయట, తన శాలువా తనే మడతపెట్టుకునేవాడు, పిల్లిని ఒళ్లోకి తీసుకునే ముందు "ఏమనుకోకండి" అనేవాడు. మొదటిరోజే పిల్లి ఆ విలన్ ఒళ్లో చుట్టచుట్టుకుని గుర్రుగుర్రుమంది. శబ్దం పట్టే కుర్రవాడు చెవులకున్న డబ్బాలు తీసి, "సార్, మీ బెదిరింపుల వెనక ఎవరో గురక పెడుతున్నారు" అన్నాడు. అందరూ నవ్వారు.

కట్టుడు పళ్లాయన కూడా నవ్వాడు. కానీ లోపల ఎక్కడో చురుక్కుమంది. ఆ నొప్పిని కొత్త అచ్చును వెలుగులోకి పెట్టి చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. అసూయ. ఒక పిల్లి విషయంలో, ఒక విలన్ మీద, ఈ వయసులో! సిగ్గేసింది. సిగ్గుతో పాటు కొద్దిగా ఆశ్చర్యం కూడా కలిగింది, తనలో ఇంకా ఇంత పచ్చిగా ఏదో ఉందని.

చివరిరోజు తీయాల్సింది చివరి సీను. గొంతు బొంగురుపోయిన డైరెక్టరు అందరినీ దగ్గరికి పిలిచి గుసగుసగా చెప్పాడు. "విలన్ మనుషులందరూ పారిపోయారు. హీరో తలుపు బద్దలుకొట్టుకుని వస్తాడు. పైకి ఒక్క కాల్పు. అప్పుడు పిల్లి కూడా ఒళ్లోంచి దిగి వెళ్లిపోతుంది. విలన్ మొహం చూపిస్తాం. తోడు ఎవరూ మిగల్లేదు. అంతే, కథ అయిపోయింది."

హీరో తలుపు బద్దలుకొట్టాడు. తుపాకీ పేలింది. పై నుంచి సున్నం రాలింది. పిల్లి కళ్లు కూడా తెరవలేదు.

వడ్రంగులు కొత్త తలుపు బిగించారు. మళ్లీ పేలింది. పిల్లి పక్కకు ఒత్తిగిల్లింది.

తుపాకీకి బెదరని పిల్లి కావాలని ఊరంతా గాలించి తెచ్చుకున్నారు. ఇప్పుడు అది తుపాకీకి బెదరాలి! ఇంకో తలుపు, ఇంకో కాల్పు. చేపముక్క చూపించారు, అది పొద్దున్నే కడుపునిండా తినివచ్చింది. దారపు ఉండ దొర్లించారు. ఉండ వెనక హీరో వెళ్లాడు గానీ పిల్లి వెళ్లలేదు.

"ఇంకో తలుపు చేయమంటే నేనే విలన్నవుతాను" అని పెద్ద వడ్రంగి గొణిగాడు.

మధ్యలో టీ ఇచ్చారు. విలన్ పిల్లిని కదపకుండానే టీ తాగుతూ, పక్కన నిలబడ్డ కట్టుడు పళ్లాయనతో అన్నాడు. "ప్రతిసారీ గుండె చిక్కబట్టుకుని కూర్చుంటున్నానండీ, ఇప్పుడు వదిలేసి పోతుందని. పోవట్లేదు. మా ఆవిడ కూడా నా పక్షాన ఇంత గట్టిగా ఎప్పుడూ నిలబడలేదు."

అప్పుడే చెల్లెలు వచ్చింది. "అన్నయ్యా, డైరెక్టరుగారు అడుగుతున్నారు. కెమెరా పక్కన నిలబడి నువ్వు పిలువు. నువ్వు పిలిస్తే వస్తుంది కదా."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నేనెప్పుడూ పిలవలేదే."

"ఎప్పుడూ అంటే?"

"ఎప్పుడూ."

"ఇన్నేళ్లుగా ఒకే ఇంట్లో ఉంటూ? కుక్కిన పేనుల్లా ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారా? బాగుంది సంబడం. అయితే ఇప్పుడు పిలువు."

షెడ్డులో ఉన్నవాళ్లంతా ఇటే చూస్తున్నారు. పిలవడం చిన్న పనే. పిలిచాక అది రాకపోతే? ఇన్నాళ్లూ తేల్చకుండా పెట్టుకున్న లెక్క ఇంతమంది ముందు తేలిపోతుంది. పిలవనంతకాలం, అది తన దగ్గరే ఉంటోందని అనుకోవచ్చు. పిలిచాక, అది ఉంటున్నది తువ్వాలు మీదేనని తెలిసిపోవచ్చు.

చిన్నప్పుడు ఒక సాయంత్రం, అమ్మ ఎంతసేపు పిలుస్తుందో చూద్దామని ఆయన మెట్ల కింద దాక్కున్నాడు. మొదటి పిలుపు మామూలుగా వచ్చింది. తర్వాతిది కోపంగా వచ్చింది. ఆ తర్వాత కోపం కరిగి గొంతులో ఇంకేదో చేరింది. అది విని పిల్లవాడు బయటికి పరుగెత్తాడు. పిలిచేవాళ్లు ఎంత నిరాయుధులో ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి అందరికీ జవాబులు చెప్పాడు గానీ, తనంతట తాను ఎవరినీ పిలవలేదు.

"రెడీయా అండీ?" అన్నాడు డైరెక్టరు.

కాదని చెప్పే అలవాటు లేక, వెళ్లి కెమెరా పక్కన నిలబడ్డాడు.

తలుపు పగిలింది. తుపాకీ పేలింది. పొగ. పిల్లి నిద్రపోతోంది. విలన్ కళ్లు పిల్లి వీపు మీద ఆగిపోయాయి. డైరెక్టరు చెయ్యి ఊపాడు.

ఆయన నోరు తెరిచాడు. ముందు గాలే వచ్చింది. పేరు లేని జీవిని ఏమని పిలుస్తారు? అనుకోకుండా, గొంతు అడుగు నుంచి, తుప్పు రాలుతున్నట్టు ఒక మాట వచ్చింది.

"రా తల్లీ."

గట్టిగా కూడా అనలేదు. మోటారు తిరుగుతూ ఉంటే తనకే వినపడనంత మెల్లగా అన్నాడు.

పిల్లి చెవి ఒకటి ఇటు తిరిగింది. తర్వాత తల ఎత్తింది. ఆయన్ని చూసింది. ఒళ్లు విరుచుకుని, విలన్ మోకాలి మీద నుంచి మెత్తగా దిగింది. హీరోనూ అతని తుపాకీనీ చెత్తబుట్టను దాటినట్టు దాటింది. సరిగ్గా సగం దూరం వచ్చి, లైటు పడి వెచ్చగా ఉన్నచోట కూర్చుని, పాదం నాక్కోవడం మొదలుపెట్టింది.

రెండోసారి పిలవమని డైరెక్టరు సైగ చేస్తున్నాడు. ఆయనకు ఆ సైగ కనిపించలేదు. కనిపించింది ఒక్కటే: సగం వచ్చింది, మిగతా సగం ఖాళీగా ఉంది. దాన్ని దాటాల్సింది పిల్లే అని ఏ శాస్త్రంలోనూ రాసిలేదు. పళ్లపొడి అంటిన చొక్కాతో, రబ్బరు చెప్పులతో, గూఢచారుల యుద్ధం మధ్యలోకి నడిచివెళ్లి, వంగి, దాన్ని ఎత్తుకున్నాడు. ఊహించినదానికన్నా బరువుగా ఉంది. అది గోళ్లు చాచలేదు. గడ్డం కింద తల పెట్టింది.

"కట్, కట్!" డైరెక్టరు గొంతు పూర్తిగా పోయింది.

"అన్నయ్యా! కెమెరా తిరుగుతుంటే లోపలికి వెళ్తారా ఎవరైనా?" చెల్లెలు నెత్తిన చేతులు పెట్టుకుంది.

"అత్తగారి అల్లుడొచ్చాడ్రోయ్!" అని పై నుంచి లైటువాళ్లు కేకేశారు.

తీసింది తెర మీద వేసి చూశారు. పిల్లి దిగడం ఉంది, విలన్ మొహం ఉంది. పిల్లి కూర్చున్నాకే చెప్పులు వచ్చాయి. అంతవరకూ కోసి వాడుకోవచ్చు. విలన్ కళ్లు తుడుచుకుంటూ, "నటించాల్సిన పనే లేకపోయింది. నిజంగానే వదిలేసి వెళ్లింది" అన్నాడు.

డైరెక్టరు ఒక కాగితం మీద రాసి చూపించాడు: దేనికైనా మంచిది, ఇంకొకసారి తీద్దాం.

"వద్దండీ" అన్నాడు ఆయన.

చెల్లెలు ఆయన వైపు తిరిగి చూసింది. అన్నయ్య నోట ఆ మాట ఆమె ఎన్నడూ వినలేదు.

"ఇందాక నిజంగా పిలిచాను. మళ్లీ పిలిస్తే అది నటన అవుతుంది. నాకు నటన రాదు. ఆవిడకు మాత్రం తేడా తెలిసిపోతుంది."

డైరెక్టరు కాసేపు పిల్లిని చూశాడు, కాసేపు తలుపు చెక్కలను చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, చాలన్నట్టు చెయ్యి ఎత్తాడు. వడ్రంగులు చప్పట్లు కొట్టారు.

ఇంటికి వెళ్లే వ్యానులో అన్నాచెల్లెళ్లు పక్కపక్కన కూర్చున్నారు. పిల్లి బుట్టలో ఉంది. చెల్లెలు అంది. "పిల్లినైతే తల్లీ అని పిలిచావు. నన్ను మాత్రం ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఇంటికి రమ్మన్నావా? ఎప్పుడూ నేనే ఊడిపడాలి."

ఆయన వేళ్లు చూసుకున్నాడు. గోళ్ల కింద తెల్లటి పొడి.

"ఆదివారం రా."

"పనేమైనా ఉందా?"

"పనేం లేదు. ఊరికే రా."

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆయన గుండె ఒక్కసారి దడదడలాడింది. ఆ దడను తోసేయకుండా అలాగే కూర్చున్నాడు. అదీ ఒకరకంగా బాగానే ఉంది. వ్యాను పెద్ద వీధి దాటింది, మలుపు తిరిగింది.

"మధ్యాహ్నానికి వస్తాను. ఆదివారం పొద్దున్నే లేవడం నావల్ల కాదు" అంది చెల్లెలు, కిటికీలోంచి బయటికే చూస్తూ.