మందు మింగించే మనిషి

ఆ కొండూళ్ళలో క్షయ వచ్చినవాడు, తను మందు మింగుతుంటే ఎదురుగా కూర్చుని చూసే మనిషినొకరిని ఎంచుకోవాలి. పెళ్ళయినవాడు పెళ్ళాన్నే ఎంచుకుంటాడు. గనుల నుంచి దగ్గుతూ ఇల్లు చేరిన మొలేఫి మాత్రం తల్లిని ఎంచుకున్నాడు. అతని పెళ్ళాం పుసెలెత్సోకు మనసు చివుక్కుమంది. అత్తగారు రోజూ పొద్దున్నే పులిసిన జొన్నజావ పట్టుకుని కొడుకు గదిలోకెళ్ళి తలుపు వేసుకుంటుంటే, తల్లీకొడుకుల మురిపాన్ని చూసి కుళ్ళుకోవడమేంటని తనను తానే తిట్టుకుంది.

జబ్బు నయమయ్యాక మొలేఫి గొర్రెను కోయించాడు. బాగుపడ్డ ఛాతీ ఎక్స్‌రే ఊరంతా తిప్పి చూపించాడు. క్షయ మందులు అయిపోయినా తల్లి జావ మోయడం మానలేదు, తలుపు వేసుకోవడమూ మానలేదు. ఆ తర్వాత అతను మళ్ళీ గనులకు వెళ్ళిపోయాడు.

ఈ చలికాలం దగ్గు పుసెలెత్సోను పట్టుకుంది. అత్త మాట్సెలిసో పాలుతాగే మనవణ్ణి కంబళిలో వీపున కట్టుకుని, కోడల్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. "మందు నేనే మింగిస్తాలే అమ్మాయ్, నాకు అలవాటేగా" అంది దారిలో. కోడలికి ప్రాణం లేచొచ్చింది.

కఫంలో క్షయ ఉందని తేలింది. నర్సు లినేఓ, హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తాను, సరేనా అని అడిగింది. ఆ మాట చెవిన పడగానే అత్త, పిల్లాడు గునుస్తున్నాడంటూ బయటికి నడిచింది. వాడు హాయిగా నిద్రపోతున్నాడు.

కడుపుతో ఉన్న కొత్తలోనే చేశారు, ఏమీ లేదన్నారు, మళ్ళీ ఎందుకని పుసెలెత్సో నవ్వింది.

"నీకనే కాదమ్మా. క్షయ తేలినవాళ్ళెవర్నీ అడక్కుండా వదలం."

"అయితే పోయిన చలికాలం మా ఆయన్ని కూడా..."

ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పకూడదని నర్సు మెల్లగా అంది. ఎక్స్‌రేను ఊరంతా తిప్పినవాడు ఈ పరీక్ష మాటే ఎత్తలేదు. ఏమీ లేదని తేలి ఉంటే దానికీ ఓ గొర్రె తెగి ఉండేది. మూసిన తలుపు, ఆగని జావ, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. క్షయ మందులు అయిపోయాక కూడా ఆ జావతో అతను మింగింది ఈ జబ్బు మందే. పరీక్షకు వేలు తనే ముందుకు చాపింది.

ఫలితం ఆమె భయపడ్డట్టే వచ్చింది. రెండు జబ్బులకూ మందులున్నాయని నర్సు ధైర్యం చెప్పింది. పాలల్లోంచి అంటిందేమో చూడ్డానికి బిడ్డకు ఈరోజే రక్తం తీస్తామంది, అంటకుండా చుక్కల మందు ఇస్తామంది, నువ్వు మందులు మింగుతూ ఉంటే పాలు మాన్పించొద్దంది.

బయట రాతి మీద కూర్చున్న అత్త ఆమె మొహం చూసి కళ్ళు దించుకుంది.

"నీకు తెలుసు."

మాట్సెలిసో కంబళి అంచు నలిపింది. "నా చేత ఒట్టు వేయించుకున్నాడే. నువ్వు వదిలేసి పోతావని వాడి భయం."

"రోజూ నీ ముందే పాలిచ్చాను అత్తా. కడుపునిండా తాగనీ, బలమొస్తుంది అన్నావు."

"వాడు నా కొడుకు."

"మరి వీడు?"

పుసెలెత్సో అత్త గుండెల దగ్గరి కంబళి ముడి విప్పి పిల్లాణ్ణి లాక్కుంది. ఇన్నాళ్ళూ ఒకే పొయ్యి దగ్గర తిన్న మనిషిని అంతగా అసహ్యించుకోగలనని ఆమె అనుకోలేదు.

నర్సు మాత్రలు తెచ్చి, మింగించేదెవరని అడిగింది. అత్త అలవాటుకొద్దీ నీళ్ళ గ్లాసు అందుకోబోయింది.

"ఆవిడ కాదు" అంది పుసెలెత్సో. "తలుపు వేసుకోని మనిషిని ఎవర్నైనా చూసుకుంటాను."

పిల్లాడు నిద్ర లేచి, పాలకోసం ఆమె గుండెల మీద తడుముకున్నాడు. మాన్పించొద్దన్న మాట గుర్తుంది. గౌను గుండీ మీద వేసిన చెయ్యి మాత్రం కదల్లేదు. వాడు కాసేపు ఆగి చూసి, ఏడుపు అందుకున్నాడు.