ఏడో కెంపు

నా ముక్కుపుడకకి ఏడు కెంపులుండాలి. ఆరే ఉన్నాయి. పెళ్ళయిన ఏడాదే ఒకటి రాలిపోయింది. అత్తగారు స్వయంగా పెట్టిన పుడక కదా, భయపడి ఎవరికీ చెప్పలేదు. ఆవిడకి సరే, అప్పటికే చూపు ఆనేది కాదు, మా ఆయనకేమయింది? నలభై ఏళ్ళుగా నా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మనిషి! ఒక్కసారి తనంతట తాను కనిపెట్టాలి, అంతే నా కోరిక. నోరు తెరిచి చెప్పడానికి నాకు పౌరుషం అడ్డం.

ఎనభై ఏడులో మనవరాలు సూర్యకుమారికి పెళ్ళి కుదిరింది. తనకీ అచ్చం నాలాంటి పుడకే కావాలంది. తెనాలి కంసాలి, పని పూర్తయ్యేదాకా నమూనా తన ముందుండాలన్నాడట. పసుపుకుంకాలతో ఉన్నదాన్ని, పుడక తియ్యనన్నాను. అయితే రాళ్ళు తెలిసేలా పెద్ద ఫొటో తెమ్మన్నాడు. మా ఆయన నరసింహమూర్తి గారు బాపట్లలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పుట్టి బుద్ధెరిగి కెమెరా పట్టుకోలేదు. ఆ ఫొటో తానే తీస్తానని కూర్చున్నారు.

తాతా మనవరాలూ తెనాలి వెళ్ళి, స్టూడియో పాండురంగారావు దగ్గర కెమెరా అద్దెకి తెచ్చారు. అతను చెప్పిందంతా పిల్ల నాకు ఒప్పజెప్పింది. మామూలు లెన్సు ముందు భూతద్దం లాంటి అద్దం బిగించాలట. కెమెరాని స్టాండు మీద పెట్టాలట. ఫ్లాష్ వేస్తే రాళ్ళు తెల్లగా మెరిసిపోతాయి కాబట్టి కిటికీ వెలుగే చాలట. ఆ కిటికీకి తెల్ల పంచె కడితే వెలుగు మెత్తబడుతుందట. ఇంత చెబితే ఈయన ఏరి కోరి తెచ్చింది మూరెడు లెన్సు. పెద్దదైతే దగ్గరగా చూపిస్తుందన్నారు. దాంతో ఆయన దూరంగా నూతి దగ్గరికెళ్ళి నిలబడితే గాని నా ముఖం ఆనలేదు. చెయ్యి వణికి ఫొటోలో ముక్కూ మూతీ అలుక్కుపోయాయి.

మళ్ళీ వెళ్ళి ఆ అద్దం తెచ్చారు. ఈసారి ఫ్లాష్ వేశారు. ముక్కు మీద టార్చిలైటు పెట్టినట్టు వచ్చింది. ఆ తర్వాతా ఫ్లాషే. లెక్కల మాస్టారికి ఒక్క మాట బుర్రకెక్కదేమని నాకు ఒళ్ళు మండింది. చూడని కళ్ళకి ఏ అద్దం పెడితే ఏం లాభమని పైకే అనేశాను.

ముహూర్తం దగ్గర పడుతోంది. పిల్ల ఏడుపు మొహంతో ఫ్లాష్ పీకి దాచేసింది. తనే కిటికీకి తాతయ్య పంచె కట్టి, నీడ పడేవైపు పట్టుకోమని నా చేతికి తెల్ల అట్ట ఇచ్చింది. స్టాండు మీద కెమెరా నా ముక్కుకి జానెడు దూరంలో నిలిచింది. కాస్త కదిలినా బొమ్మ మసకబారుతుందని హెచ్చరించి, కాఫీ తేవడానికి లోపలికెళ్ళింది. ఆయన కన్ను ఆనించి చూశారు. ఎంతకీ నొక్కలేదు.

"నొక్కరేంటండీ?" అన్నాను.

"ఇందులో బాగా కనబడుతుందే లలితా," అన్నారు గొంతు తగ్గించి. "ఆ ఖాళీ."

నా చెయ్యి ముక్కు మీదికి వెళ్ళింది.

"రేపల్లె రైల్లో పోయింది కదూ? నువ్వు బెంచీ కింద వెతుక్కుంటుంటే చూశాను. అమ్మకి భయపడి దాచుకున్నావు. అడిగితే ఎక్కడ ఏడుస్తావోనని ఊరుకున్నాను. ఇన్నేళ్ళు దాచుకున్నదాన్ని ఊరందరికీ చూపించడమెందుకని ఫ్లాష్ వేశాను. మెరుపులో తెలియదని."

ఏడవాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను. ముక్కు కదపొద్దన్నారాయన.

"ఉన్నది ఉన్నట్టు తియ్యండి," అన్నాను.

ఫొటో రాయి రాయీ లెక్కపెట్టుకునేలా వచ్చింది. ఏడోది పెట్టాలా మానాలా అని కంసాలి కబురు చేశాడు. పిల్లకి ఏడూ పెట్టమన్నాను. నాకూ ఆ ఖాళీలో కొత్త కెంపు పొదిగిస్తానన్నారు ఆయన. ఇప్పుడు అన్నానికి కూర్చున్నప్పుడల్లా ఆయన చూపు నేరుగా అక్కడికే వస్తోంది. నేను ఆ కెంపు వద్దన్నాను. అది కాస్తా నిండితే ఈయన మళ్ళీ కంచంలోకే చూస్తూ తింటారు.